నిదానమే ప్రధానము

“నిదానమే ప్రధాన”మని మన పెద్దలు తొందరపడువారికి బుద్ధి చెప్పుచుందురు. తెలుగున నిదానమనగా నెమ్మది. సంస్కృత వైద్యగ్రంథములలో నిదానమనగా రోగమునకు గల హేతువు, ఆ రోగమును గుర్తించు విధానము. మందుల జోలికి బోక కేవలము నిదానమును దెలుపుటకే మాధవకరుడు ప్రత్యేకముగా నొక గ్రంథమును రచించెను. మన సామెతను ఈ రెండర్థములతోను జదువుకొనవలసిన రోగమేదైన నున్నచో, అది యుబ్బసము.

మా వేంసూరు ప్రాంతమున నూపిరాడని వారినందఱిని గూర్చి “ఆయాసము” అనియో “దమ్ము” అనియో చెప్పుట వాడుక. గుండె కవాటము చెడినవానిది ఆయాసమే, క్షయరోగిది ఆయాసమే, ముప్పది యేండ్లు కట్టెపొయ్యి నూదిన ముసలమ్మది ఆయాసమే. పేరొక్కటి యగుటచే రోగమును నొక్కటే యనిపించును. రోగమొక్కటే యనుకొన్నప్పుడు, ఒకరికి గుదిరిన మందు వేఱొకరికిని గుదురవలెను గదా! పొరుగింటివారి మాత్రలను అడిగి తెచ్చి మ్రింగు నలవాటునకు మూలమిదియే.

ఇంతకు నుబ్బసమన నేమి? ఊపిరితిత్తులలోనికి గాలిని గొనిపోవు గొట్టముల లోపొర వాచి, వాని చుట్టునున్న కండరములు బిగుసుకొని, జిగట కఫము చేరి, గాలిదారి యిఱుకగుటయే యుబ్బసము. ఈ యిఱుకుదనము స్థిరమైనది కాదు, వచ్చును, పోవును. తఱచుగా రాత్రివేళను తెల్లవాఱుజామునను హెచ్చును. చరకుడు శ్వాసరోగములను ఐదుగా విభజించి, అందు తమకశ్వాసమను దానిని గూర్చి చెప్పుచు, అది మబ్బు, వాన, చలి, తూర్పుగాలి వలన హెచ్చుననియు, పండుకొన్న రోగి బాధపడి కూర్చుండిన సుఖపడుననియు వ్రాసెను. దుమ్మును పొగను అతడు శ్వాసరోగ హేతువులలో జేర్చెను. నేటి వైద్యులు వంశమున వచ్చు స్వభావమును గూడ దానికి జేర్చుచున్నారు. ఆ స్వభావము గలవారికి జలుబు, చల్లగాలి, పూలపుప్పొడి, గోడల బూజు, పాతబొంతలలో నుండు కంటికి గానరాని పురుగులు, కళ్ళములోని దుమ్ము, మిరపకాయల కోరు ఇవన్నియు నుబ్బసమును రెచ్చగొట్టునవియే. ఇది అంటురోగము గాదు. పూర్వజన్మ పాపఫలమును గాదు.

గుర్తించుట యెట్లు? 1846లో లండనునందు జాన్ హచిన్సన్ అను వైద్యుడు ఊపిరిని గొలుచు స్పైరోమీటరను యంత్రమును లోకమునకు దెలిపెను. దాని వంశమునకు జెందిన యంత్రములతోనే నేటికిని పరీక్ష జరుగుచున్నది. రోగిచే గట్టిగా నూదించి, తొలి సెకనులో వెలువడిన గాలిని గొలుతురు. పిమ్మట గొట్టములను వదులు చేయు మందును పీల్పించి, పదునైదు నిమిషములకు మరల గొలుతురు. పెద్దవారిలో ఆ గాలి 12 శాతమునకును 200 మిల్లీలీటర్లకును మించి పెరిగినచో, ఉబ్బసమనుటకు గట్టి యాధారము దొరకినట్లే. అయితే వ్యాధి యణగియున్న దినమున పరీక్ష ఫలితము సరిగానే యుండవచ్చును. కావున రోగి చెప్పు వృత్తాంతము యంత్రమంత విలువైనది.

నిదానము యొక్క విలువను దెలుపు వృత్తాంత మొకటి మన తెలుగునాటనే జరిగినది. మదనపల్లె చెంత నారోగ్యవరమున క్షయరోగులకై యొక చికిత్సాలయము వెలసెను. అచ్చటి వైద్యులగు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనువారు 1940లో నొక వింత వ్యాధిని ప్రకటించిరి. ఎక్స్‌రే చిత్రమున క్షయను బోలిన నీడలు. కాని క్షయక్రిమి గానరాదు. రక్తమున ఇయోసినోఫిల్ కణములు మాత్రము మితిమీరి యుండును. రాత్రులందు దగ్గు, పిల్లికూతలు ఉబ్బసమును దలపించును. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా యని పేరిడెను. బోదకాలు దెచ్చు క్రిములే దీనికిని మూలమని తరువాత దేలినది. ఆ క్రిములకు మందైన డైఇథైల్ కార్బమజైన్ 1947లో అమెరికాయందలి లెడర్లీ ప్రయోగశాలనుండి, మన భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడెను. చూడుడు! క్షయ యనుకొన్నను, ఉబ్బస మనుకొన్నను ఆ రోగికి దారి తప్పెడిది. రక్తమును బరీక్షించిన పిమ్మటనే సరియైన మందు దొరకినది.

హైదరాబాదున ఏటేట మృగశిర కార్తె వేళ బత్తినివారు కొఱమీను పిల్ల నోట మందుంచి వేలమందిచే మ్రింగింతురు. 1845 నుండియు ఇట్లు జరుగుచున్నదని వారి కుటుంబ కథనము. రూకలు గొనక యిచ్చు వారి యుదారబుద్ధిని మేము తక్కువ చేయము. కాని ఆ వరుసలో ఉబ్బసరోగి యున్నాడు, క్షయరోగి యుండవచ్చును, గుండెజబ్బువా డుండవచ్చును. అందఱికి నొకటే చేప. ఊపిరిని గొలుచు యంత్రము వయస్సు ఇంచుమించు ఆ చేపమందు వయస్సే. ఒకదానికై దూరదేశములనుండి వత్తురు. రెండవదాని పేరైన నెఱుగరు.

ఆ వరుసను మాత్రమే నిందింపనేల? పరీక్ష లేకయే ప్రతి యాయాసమునకు స్టెరాయిడు సూది వేయించుకొనువారు పల్లెపల్లెను గలరు. సూదితో ఒక పూట హాయి కలుగును. లోపల క్షయయున్నచో అది విజృంభించును.

బడిపంతులమైన మాకు ఇంకొకటి కానవచ్చుచున్నది. ఆడపిల్లకు ఉబ్బసమున్నదని తెలిసిన సంబంధము తప్పిపోవునని తల్లిదండ్రులు దాచుదురు. పీల్చుడు మందు అలవాటైపోవునని భయపడి మానిపింతురు. ఆ మందు వ్యసనము గాదు. లోపలి వాపును తగ్గించి, పిల్లను అందఱితో బాటు పరుగెత్తనిచ్చునది. దాచిన రోగము మెట్టినింట దాగునా?

చదువరులకు మా మనవి యిది. ఇంట నెవరికైన ఊపిరి యిబ్బంది యున్నచో ఒక చిన్న పుస్తకమున వ్రాసి యుంచుడు: ఏ దినమున వచ్చినది, ఏ వేళ, ఏమి చేయుచుండగా, నిద్ర చెడినదా, ఇంట నింకెవరికైన గలదా. దానిని గొనిపోయి వైద్యునికి జూపి, ఊపిరిని గొలువుమని యడుగుడు. రోగి ఒక వాక్యము ముగింపలేకున్నను, పెదవులు నీలివర్ణమునకు దిరిగినను, అప్పుడు మాత్రము నెమ్మది పనికిరాదు. ఆ క్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.