ముగింపు ఎవరి చేతిలో?

‘ఫేటల్ అట్రాక్షన్’ (1987) సినిమాకి రెండు ముగింపులున్నాయి. ఒకటి తీసి పక్కన పెట్టేసింది, రెండోది థియేటర్లలో ఆడింది. ఒక స్త్రీ పాత్ర చావుని ఎవరెవరు కలిసి నిర్ణయిస్తారో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

పెళ్లయిన లాయరు డాన్, అలెక్స్ అనే ఒంటరి ఉద్యోగినితో ఒక వారాంతం గడుపుతాడు. అతనికి అది అక్కడితో సరి. ఆమెకు కాదు. గర్భవతినంటుంది, వెంటపడుతుంది, బెదిరిస్తుంది. మొదటి ముగింపులో అలెక్స్ ‘మేడమ్ బటర్‌ఫ్లై’ ఒపేరా వింటూ గొంతు కోసుకుంటుంది. కత్తి మీద డాన్ వేలిముద్రలుంటాయి. పోలీసులు అతన్ని పట్టుకుపోతారు. విడుదలకి ముందు చూపించిన ప్రేక్షకులకి ఇది నచ్చలేదు. ఆమెకి తగిన శాస్తి జరగాలన్నారు. దాంతో ముగింపు మళ్లీ తీశారు. కత్తి పట్టుకుని ఇంట్లో జొరబడిన అలెక్స్‌ని డాన్ భార్య బెత్ కాల్చి చంపుతుంది. చివర్లో కెమెరా వాళ్ల కుటుంబ ఫోటో మీద ఆగుతుంది.

అలెక్స్‌గా నటించిన గ్లెన్ క్లోజ్ ఈ మార్పుని గట్టిగా వ్యతిరేకించింది. పాత్ర కోసం ఆమె మానసిక వైద్యులతో మాట్లాడింది. అలెక్స్ తనని తాను హింసించుకునే మనిషే తప్ప హంతకురాలు కాదని ఆమె వాదన. చివరికి నటించక తప్పలేదు. సినిమా విపరీతంగా ఆడింది, 6 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. నిర్మాతలిద్దరిలో ఒకరు షెర్రీ లాన్సింగ్ అనే స్త్రీ అన్నది కూడా మరిచిపోకూడదు.

అలాగని మొదటి ముగింపు స్త్రీల పక్షమని నేననను. అందులోనూ అలెక్స్ చావాల్సిందే. కాకపోతే అక్కడ డాన్ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. రెండోదాంట్లో ఒక స్త్రీ చేత ఇంకో స్త్రీని చంపించి అతను హాయిగా బయటపడతాడు. ‘బటర్‌ఫ్లై’ ప్రస్తావన మాత్రం సినిమా మధ్యలో అలాగే ఉండిపోయింది, ఎందుకుందో చెప్పే చివర లేకుండా.

ఇదంతా నాకింత పట్టడానికి కారణముంది. తెలుగు నవలల్లో ఒంటరి స్త్రీల మీద నా పరిశోధన. వాళ్లని చంపెయ్యడమో పెళ్లి చేసెయ్యడమో తప్ప మన నవలకి మూడో దారి తోచలేదని చివరి అధ్యాయంలో రాశాను. “మరీ చేదుగా ఉందమ్మా, పరీక్షకులు ఒప్పుకోరు, కాస్త ఆశ కలిగేలా ముగించు” అన్నారు మా గైడుగారు. నాలుగు పేజీలు కొత్తగా రాసిచ్చాను. డిగ్రీ వచ్చింది. ఎప్పుడైనా అడిగితే, “వచ్చింది కదా, ఇంకేం?” అంటారు. సినిమా ఆడింది కదా అన్నట్టే.

‘తెల్మా అండ్ లూయీస్’ (1991)లో కాలీ ఖౌరీ రాసిన ముగింపు నిలబడింది, స్క్రీన్‌ప్లేకి ఆమెకి ఆస్కార్ కూడా వచ్చింది. చేదు ముగింపుని జనం భరించలేరన్న మాట అన్నిసార్లూ నిజం కాదన్నమాట.

మొదటి అధ్యాయం రాతప్రతి నా దగ్గరే ఉంది. సిద్ధాంతగ్రంథాన్ని పుస్తకంగా వేసేటప్పుడు ఆ నాలుగు పేజీలు తీసేసి దాన్నే పెడతాను.