శివ్వారం ఒడ్డున గోదావరికి పరీక్ష

మంచిర్యాల, గోదావరిఖని దాటిన గోదావరి జైపూర్ మండలం శివ్వారం దగ్గర మొసళ్ల అభయారణ్యంలోకి వస్తుంది. ఎగువన బొగ్గు గనులు, రెండు ఒడ్లపైనా పట్టణాలు. ఇదే మండలంలో పెగడపల్లి దగ్గర 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ కేంద్రం. నది ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండాల్సిన చోటు ఇది. ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ అధ్యాపకుడు, ఆయన విద్యార్థులతో కలిసి చలికాలంలో అక్కడికి వెళ్లాను.

ముందు నీళ్లు పట్టారు. ఒకమ్మాయి గాలిబుడగ లేకుండా సీసా నింపి మాంగనీస్ సల్ఫేటు, క్షారంతో కూడిన అయోడైడు వేసింది. గోధుమరంగు మడ్డి అడుగుకు దిగింది. ఆక్సిజన్ ఎక్కువున్నకొద్దీ ఆ రంగు చిక్కబడుతుంది. ఇంకో సీసాను 27 డిగ్రీల వేడిలో 3 రోజులుంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకున్నాయో కొలుస్తారు. బీఓడీ అనే ఆ కొలత లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ నదీభాగాన్ని కలుషితమైనదిగా లెక్కేస్తుంది.

"సీసా ఈ గంట సంగతే చెప్తది. మొన్న రాత్రి ఏం పారిందో దానికి తెల్వదు" అంటూ అధ్యాపకుడు నీళ్లలోకి దిగి ఒక రాయి తిరగేశారు. మూడు తోకల మేఫ్లై పిల్లలు చకచకా పక్కకు జరిగాయి. వీటిలో చాలా రకాలు ఆక్సిజన్ తగ్గితే బతకలేవు. ఒడ్డువార నిలవనీటి బురదను జల్లెడ పడితే ఎర్రటి కైరోనమిడ్ పురుగులు దొరికాయి. హిమోగ్లోబిన్ ఉండటం వల్ల అవి ఊపిరాడని బురదలోనూ నెగ్గుకొస్తాయి. ఏ జీవి ఎంత మురికిని ఓర్చుకుంటుందో చూసి నీటి స్థితిని తేల్చే పద్ధతికి జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1902లోనే బాట వేశారు. మన కేంద్ర మండలికీ ఇలా జీవుల కుటుంబాలకు మార్కులిచ్చే పద్ధతి ఉంది.

వల సర్దుకుంటున్న పెద్దాయన్ను అడిగితే, "నీళ్లు చూస్తే తెల్వది బిడ్డా, వలేస్తే తెలుస్తది. ఏ చాప పోయింది, ఏది కొత్తగొచ్చింది, మమ్ముల నడుగున్రి" అన్నాడు.

ఆ మాట లోతైనది. నీటి పరీక్షకు అందని మార్పులూ ఉంటాయి. 2019లో కాళేశ్వరం బ్యారేజీలు నిండాక ఇక్కడి పారే నీరు నిలవ నీరైంది. 2023 అక్టోబరులో వాటిలో ఒకటైన మేడిగడ్డ కుంగాక బ్యారేజీలు ఖాళీ చేస్తే మళ్లీ ఇసుక తేలింది. మొసలి ఎండాకాలం ముందు ఇసుక తవ్వి గుడ్లు పెడుతుంది. ఆ ఇసుక తిన్నె మునిగినా, లారీలకెక్కినా దాని సంతానం పోయినట్టే. అప్పుడు సీసాలో నీళ్లు మంచివే అని తేలినా నది క్షేమంగా ఉన్నట్టు కాదు.

అందుకే నీటి పరీక్షల పక్కనే ప్రతి రుతువులో రాళ్లకింది పురుగులనూ, వలలో పడే చేపలనూ, మొసళ్ల గూళ్లనూ లెక్కపెట్టాలి. ఒడ్డునున్న కాలేజీలకు, మత్స్యకారుల సంఘాలకు ఆ పనిలో చోటివ్వాలి. వచ్చిన ఫలితం తెలుగులో రాసి పంచాయతీ గోడకు అంటించాలి. ఆ నీళ్లతో బతికేవాళ్లకే మొదట తెలియాలి.