ఆ పక్క నాడె

గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండూ కలిసే దగ్గర పోగుకి పోగు మెలేసి పట్టించాలి. అందుకే మూడు నాడెలు, ఇద్దరు మనుషులు. మా నాయిన మగ్గం మీద కూర్చుంటే, ఆ పక్క అంచు నాడె విసిరే మనిషిని పదో తరగతి దాకా నేనే. ఒక్క పోగు తప్పితే చాలు, జానెడు నేత విప్పించేవాడు. ఏడ్చినా వినేవాడు కాదు.

హైదరాబాదు రైలెక్కించిన రోజు మాత్రం, “ఆ పక్క మీ అమ్మ కూసుంటదిలే, నువ్వు పో” అన్నాడు.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు అక్క వనపర్తిలో, చెల్లె నాగర్‌కర్నూలులో ఉన్నారు. “పొద్దున లేసేసరికి నా బిడ్డలు పరాయి జిల్లావోళ్లయిండ్రు” అని అందరికీ చెప్పుకుని నవ్వాడు.

ఒక ఎండాకాలం సెలవుల్లో మా పాప నా చోట్లో కూర్చుంది. ఏడేళ్లు దానికి. పోగు పట్టక అంచుకీ ఒంటికీ నడుమ సందు పడింది. నాయిన విప్పలేదు. “పోనీలే తల్లీ” అని ముందుకు నేశాడు. నాకు కొంచెం కోపమొచ్చింది, అబద్ధమెందుకు.

ఆ చీర అమ్మలేదని దినాలయ్యాక పెట్టె తీస్తే తెలిసింది. సందు పైకి కనబడేలా మడిచి పెట్టుకున్నాడు.

పాప గుంత మగ్గం దగ్గరికెళ్ళి తన చోట్లో కూర్చుంది.

“నాన్నా, నువ్వు తాత జాగాల కూసో.”

అక్కడ నేనెప్పుడూ కూర్చోలేదు.