బెలుంలో మా పేట రాయి

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పుట్టి పెరిగినవాళ్ళకు సున్నపురాయి అంటే సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్ళే లారీ లోడు. ఇంకాస్త తెలిసినవాళ్ళు ధనంబోడు స్తూపం పేరు చెబుతారు. బౌద్ధులు ఈ రాతి పలకలు చెక్కే దాన్ని కట్టారు. ఇదే కోవ రాయి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం బెలుంలోనూ ఉంది. భూగర్భశాస్త్రవేత్తలు రెంటినీ నర్జి సున్నపురాయి అంటారు. కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు అడుగు అది. అందుకే బెలుం గుహలు చూడ్డానికి వెళ్ళాను.

అక్కడ కొండేమీ లేదు. చదును చేల మధ్య పెద్ద గొయ్యి, దాంట్లోకి మెట్లు. దిగిన కాసేపటికే చొక్కా తడిసిపోయింది. అంత ఉక్క.

గోడలకు దగ్గరగా టార్చి పెట్టి చూడండి. వేళ్ళతో నొక్కినట్టు చిన్న చిన్న గుంటలుంటాయి. ఒకప్పుడు ఇక్కడ పారిన నీటి గుర్తులవి. నిటారుగా ఉన్న అంచు వైపు నుంచి నీరు వచ్చిందని అర్థం. గుంట ఎంత చిన్నదైతే ప్రవాహం అంత వడిగా ఉన్నట్టు. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, పగుళ్ళలోకి దూరి రాయిని కరిగిస్తుంది. అదే నీరు కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు వాయువు గాలిలో కలుస్తుంది, సున్నం పొరగా మిగులుతుంది. మా ఊరి సిమెంటు కొలిమిలో రాయిని కాలిస్తే బయటికొచ్చేదీ ఆ వాయువే!

గుహలో కోటిలింగాలు అని పిలిచే రాతి ఆకారాలు ఇలా పేరుకున్నవే. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను తడితే మోగుతాయి. దయచేసి తట్టకండి. చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగా పేరుకోదు.

1884లో భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబోయర్ జర్మన్ బృందంతో వచ్చి కొలిచాడు. పొడవు 3,229 మీటర్లు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఫుట్ తవ్వించినప్పుడు ఖడ్గమృగం ఎముకలూ దొరికాయి. ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు.

పేట, నందిగామ సైన్సు మాస్టార్లకు ఒక మనవి. ఈసారి పిల్లల విహారయాత్రలో బెలుం చేర్చండి. బయల్దేరే ముందు మన క్వారీ రాయి ముక్కను పొడిచేసి, దాని మీద పిల్లల చేతనే నిమ్మరసం పిండించండి. బుడగలు లేస్తాయి. గుహ ఎలా పుట్టిందో తరగతి గదిలోనే సగం అర్థమవుతుంది.