తజుర్బా గడి ఖాళీగా ఉండనివ్వండి

ఉర్దూలో అనుభవాన్నీ తజుర్బా అంటారు, ప్రయోగాన్నీ తజుర్బా అంటారు. ఉర్దూ మీడియంలో చదివినన్నాళ్లూ నాకు ఆ రెండూ ఒకటే. డిగ్రీ కోసం తెలుగులోకి వచ్చాక ఒక్క లఫ్జ్ రెండు మాటలయింది. ఏఐ వచ్చాక ఆ రెండింటి మధ్య ఫాస్లా ఇంకా పెరుగుతోందేమోనని నా ఫికర్.

మా ఆపా బిడ్డ ఉట్నూర్‌లో ఉంటది. సైన్స్ టీచర్ కావాలని బీఎడ్ చేస్తోంది. మొన్న ఈద్‌కి పోతే లెసన్ ప్లాన్ రాస్తూ కనిపించింది. పాఠం మట్టి రకాలు. ఫోన్‌ని అడిగింది, నిమిషంలో లక్ష్యాలు, కృత్యం, ప్రశ్నలు అన్నీ వచ్చేశాయి. మాషాల్లా, సాఫ్‌గా ఉంది. ఒక రాత్రి మెహనత్ మిగిలిందంటే నాకేం ఐతరాజ్ లేదు. కానీ చివర్లో టేబుల్ ఉంది. అందులో 'పరిశీలన' గడి కూడా నిండిపోయి ఉంది: ఇసుక నీటిని వదిలేస్తుంది, నల్లరేగడి పట్టి ఉంచుతుంది. ఇంకా ఎవరూ మట్టి ముట్టనేలేదు!

"సీనియర్ల రికార్డులు చూసి రాసేది కూడా ఇట్లనే కదా మామూ" అని నవ్వింది. సచ్ బాత్. నకల్ పాతదే, మిషన్ దానికి రఫ్తార్ ఇచ్చింది, అంతే.

నీళ్ల బాటిళ్లు కోసి, మూతికి గుడ్డ కట్టి, తలకిందులు చేశాం. ఒకదాంట్లో వాగు ఇసుక, ఇంకోదాంట్లో పత్తిచేను నుంచి తెచ్చిన ఎండిన రేగడి పెళ్లలు. మొదటి గ్లాసు నీళ్లు పెళ్లల సందుల్లోంచి బిరబిరా దిగిపోయాయి. మట్టి నానిన తర్వాతే పట్టు వచ్చింది. ఫోన్ ఝూట్ చెప్పలేదు, పూరా చెప్పలేదు. ఎండాకాలం నెర్రెలు బారిన చేను చూసిన ఏ రైతు బిడ్డకైనా ఈ సంగతి ఎరుకే. రేపు క్లాసులో ఆ బచ్చా లేచి "సార్, నీళ్లు ఆగలేదు" అంటే ఉస్తాద్ ఏమంటాడు? తప్పంటాడా, శభాష్ అంటాడా? ట్రైనింగ్ ఇవ్వాల్సింది ఆ ఒక్క లమ్హా కోసమే.

జుబాన్ సంగతి కూడా ఉంది. ఉర్దూ సైన్స్‌లో కసాఫత్ అంటే సాంద్రత, మామూలు మాటల్లో మురికి. ఏది ఎక్కడో చూసుకోవాల్సింది టీచరే. మరి ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లల మాటేమిటి? ఈ సవాల్ మన ఇలాఖాకి కొత్త కాదు. 1940లో కుమురం భీం షహీద్ అయ్యాక నిజాం హుకూమత్ పంపితే వచ్చిన హైమెండార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ మొదలుపెట్టాడు. పిల్లల మాట తెలిసినవాడే ముందు ఉస్తాద్ కావాలన్నది అందులో ఉసూల్. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. హర్ఫులు కంప్యూటర్‌లోకి చేరాయి గానీ, గూడెంలో పిల్ల అడిగే సవాల్ ఇంకా మనిషే వినాలి.

అందుకే ఏఐని బీఎడ్ క్లాసు బయట నిలబెట్టమని నేననను. లోపలికి రానివ్వండి. ప్లాన్ అదే రాయనీ. తర్వాత ఆ ప్లాన్‌ని ట్రైనీల చేతికిచ్చి, తజుర్బా చేయించి, ఎక్కడ కుదిరిందో ఎక్కడ కుదర్లేదో ఎర్రపెన్నుతో రాయించండి. మార్కులు దానికివ్వండి. పరిశీలన గడిని మాత్రం మిషన్‌కి ఇవ్వకండి. అది పిల్లల హక్.