రెండు చిప్పలు – ఒక గురివింద గింజ



పోయినసారి నేను పులికాట్ కొంగల మీద రాసినది చాలామంది బాగుందన్నారు. ఈసారి అట్లాంటిది కాదు. ఇది ఒక దండ గురించి. జనవరి 19న వేమన జయంతికి మన హాస్టల్లో చేతిపనుల పోటీ పెట్టినారు కదా, అందులో మొదటి బహుమతి వచ్చిన దండ. దాని గురించి నేను వేదిక మీద చెప్పినది పూర్తి నిజం కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చార్టు కిందదాకా చదవకుండా ఎవరూ పోవద్దని మనవి.

పోటీ నియమం ఏమిటంటే, ఒక కవిని గుర్తు చేసే వస్తువును చేతితో చేయాలి, కొనకూడదు. అందరూ వేమన బొమ్మలు గీస్తున్నారు. నేను కూడా కందిపప్పు, పెసరపప్పు అంటించి వేమన బొమ్మ చేద్దామనుకున్నాను. (వంట అక్క పప్పు ఇయ్యలేదు. అది వేరే కథ.) అప్పుడు నా పక్క మంచం అమ్మాయి అన్నది, "వేమన ఒక్కడినే ఎందుకుమే చేసేది? ఆయన పద్యంలో ఇద్దరుండారు గదా!"

ఆ మాటకు అర్థం చిన్న తరగతుల వాళ్లకు చెప్తాను. వేమన పద్యాల ఆఖరి పాదాన్ని మకుటం అంటారు, అది మనందరికీ నోటికి వచ్చు. అందులో వేమ అనే పేరుతోపాటు అభిరామ అనే మాట కూడా ఉంటుంది. అభిరాముడు ఒక కంసాలి అనీ, వేమనకు ప్రాణ స్నేహితుడనీ, అందుకే తన ప్రతి పద్యంలో వాడి పేరు పెట్టుకున్నాడనీ పెద్దలు చెప్పుకుంటారు. కొందరు పండితులు మాత్రం అది మనిషి పేరే కాదు, దేవుణ్ణి చెప్పే మాట అంటారు. బ్రౌను దొర వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా దీని మీద వాదన తెగలేదు. నాకైతే కంసాలి కథే ఇష్టం.

కంసాలి స్నేహితుడు కాబట్టి నగ చేయాలని ఆమె ఆలోచన. బంగారం మనకు ఎక్కడిది? మనకు ఉండేది గుల్లలు, గింజలు, వల దారం. ఆలిచిప్ప మీరందరూ చూసే ఉంటారు. రెండు చిప్పలు కలిసి ఒకటి. ఒక పురుగు చిప్పకు ఇంకొక పురుగు చిప్ప తెచ్చి మూస్తే అంచులు కలవవు. వంద చిప్పలు కలిపి పోసినా దాని జత దానికే సరిపోతుంది. "ఒక చిప్ప వేమన, ఒక చిప్ప అభిరాముడు. ఇద్దరు స్నేహితులు చెరొకటి మెడలో వేసుకోవాలి" అని చెప్పింది. చిప్పలో గురివింద గింజ అతికించాలని కూడా ఆమే చెప్పింది. పాతకాలం కంసాలులు బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాళ్లని వాళ్ల తాత చెప్పినాడట.

ఇంతవరకు అంతా ఆమెదే. నేను చేసినది చిప్పలకు బెజ్జం వేయడం. ఇది కూడా చెప్తాను, ఎవరికైనా పనికి వస్తుంది. మేకుతో కొడితే చిప్ప పగులుతుంది. చిప్ప వెనక మడత దగ్గర బుడిపె ఉంటుంది చూడండి, దాన్ని బండ మీద తడి ఇసుక వేసి మెల్లగా రుద్దాలి. అరగంట రుద్దితే అక్కడ అరిగి దానంతట అదే చిన్న బెజ్జం పడుతుంది. మూడు జతలు పగలగొట్టిన తర్వాత నాకు ఈ ఉపాయం మా అవ్వ చెప్పింది. మా అవ్వ వాళ్లు పాతకాలంలో శ్రీహరికోట దీవిలోనే ఉండేవాళ్లు. 1971లో అక్కడ నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. అంతకు ముందే రాకెట్ల కోసం ఊళ్లు ఖాళీ చేయించినారు. చిన్నప్పుడు దీవిలో గుల్లల దండలు గుచ్చుకుని మెడ నిండా వేసుకునేదాన్నని ఇప్పటికీ చెప్తుంది.

పోటీ మూడు రోజులుండగా నా స్నేహితురాలి అమ్మకు జ్వరం అని వాళ్ల నాన్న వచ్చి ఇంటికి తీసుకుని పోయినాడు. దండలు నా దగ్గర ఉండిపోయినాయి. పేర్లు రాసే అట్ట ముక్క మీద నేను నా పేరు ఒక్కటే రాసినాను. మరిచిపోయి కాదు. రాసేటప్పుడు ఆమె పేరు గుర్తుంది. "ఆమె లేదు కదా, ఎవరు అడుగుతారు" అనుకున్నాను. వేదిక మీద మేడమ్ గారు "ఈ ఆలోచన నీకు ఎట్లా వచ్చింది?" అని అడిగితే, "మా తాత చెప్పినాడు మేడమ్" అన్నాను. మా తాతను నేను చూడనే లేదు. నేను పుట్టకముందే పోయినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు, స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చినారు.

ఆమె వారం తర్వాత వచ్చింది. వరండాలో బల్ల మీద దండలు, అట్ట ముక్క అట్లే ఉండాయి. చూసింది. పోట్లాడుతుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. "గింజ బాగా అతికింది గదా" అన్నది, అంతే. ఆ రోజు నుంచి పక్క మంచం మీద అటు తిరిగి పడుకునేది.

ఫిబ్రవరిలో తెలుగు సారు ఖాళీ పీరియడులో "యోగి వేమన" సినిమా కొంచెం చూపించినారు. 1947లో వచ్చిన సినిమా. వేమనగా చిత్తూరు నాగయ్య గారు, అభిరాముడిగా ముదిగొండ లింగమూర్తి గారు వేసినారు. సినిమా ఆపి సారు అభిరాముడి కథ మొత్తం చెప్పినారు. అంతకు ముందు నాకు సగమే తెలుసు.

కథ ఇది. అభిరాముడు రోజూ ఒక యోగికి సేవ చేసేవాడు. ఆ యోగి మంచికి మెచ్చి, రేపు వస్తే నీకు ఉపదేశం ఇస్తాను అన్నాడట. ఈ సంగతి వేమనకు తెలిసింది. మరుసటి రోజు అభిరాముణ్ణి ఇంట్లో నగల పని పెట్టి కదలనీయకుండా చేసి, తాను యోగి దగ్గరికి పోయి, అభిరాముడికి రావలసిన ఉపదేశం తాను తీసుకున్నాడట. అభిరాముడు పరుగెత్తుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. వేమన వాడి కాళ్ల మీద పడి, ఇక మీద నేను ఏ పద్యం చెప్పినా అందులో నీ పేరు ఉంటుంది అన్నాడట.

తరగతిలో అందరూ వింటున్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కినాయి. ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

సారు ఇంకా చాలా చెప్పినారు. పెద్దన కాలికి కృష్ణదేవరాయలు తన చేతితోనే గండపెండేరం తొడిగినాడని చెప్పుకుంటారట. తిరుపతి వేంకట కవులలో తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయినారు. ఆ తర్వాత కూడా చెళ్లపిళ్ల వెంకట శాస్త్రి గారు తాను ఒక్కరే రాసినవి జంట పేరుతోనే వేసినారట. చచ్చిపోయిన స్నేహితుడి పేరు కూడా ఒకాయన వదలలేదు. నేను ఊరికి పోయిన స్నేహితురాలి పేరు వదిలేసినాను.

అప్పుడు రెండో జత చేయడం మొదలుపెట్టినాను. ఈసారి ఆమెను సాయం అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆదివారం మా నాన్న వస్తే సూళ్లూరుపేట బజారుకు పోయి ఒక కంసాలి తాతను కలిసినాను. ఇప్పుడు ఆయన దగ్గర ఉండేది కరెంటు కాటా. కానీ ఒక చిన్న డబ్బాలో వాళ్ల నాన్న వాడిన ఇత్తడి త్రాసు, గుప్పెడు గురివింద గింజలు దాచిపెట్టుకున్నాడు. ఎనిమిది గింజలు కాటా మీద పోసి చూపించినాడు, సుమారు ఒక గ్రాము. "చెట్టుకు కాసినా గింజలన్నీ దాదాపు ఒకే తూకం ఉంటాయి పాపా, అందుకే నమ్మినారు" అన్నాడు. నగలో రాయి కదలకుండా కింద లక్క పోస్తామని చెప్పి చిన్న లక్క ముక్క ఇచ్చినాడు. డబ్బులు తీసుకోలేదు.

చిన్న పిల్లలకు ఒక హెచ్చరిక. గురివింద గింజను నమలకూడదు, బెజ్జం వేయకూడదు. లోపల అబ్రిన్ అనే విషం ఉంటుంది. పైతొక్క గట్టిగా ఉన్నంతవరకు అది బయటికి రాదు. అందుకే మేము గింజను గుచ్చలేదు, చిప్పలో అతికించినాము. వార్డెన్ మేడమ్ గారు చెప్పి ఎదురుగా కూర్చుని చేయించినారు. గింజ పట్టుకున్నాక చేతులు కడిగించినారు కూడా.

మొదటి జతలో గింజల ఎరుపు పైకి, నలుపు లక్క లోపలికి పెట్టినాము, అందంగా ఉంటుందని. రెండో జతకు గింజ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గురివింద తన కింది నలుపు ఎరగదని మా అవ్వ ఎవరినో తిట్టినప్పుడల్లా అంటుంది. నా చిప్పలో నలుపు పైకి పెట్టినాను. ఆమె చిప్పలో ఎరుపు పైకి పెట్టినాను. వల దారానికి తేనెమైనం రుద్ది, జాలర్ల ముడి వేసినాను, అది లాగే కొద్దీ బిగుస్తుంది. చిప్ప వెనక సూదితో ఆమె దానికి నా పేరు మొదటి అక్షరం, నా దానికి ఆమె పేరు మొదటి అక్షరం గీసినాను.

రాత్రి స్టడీ అవర్ అయినాక ఆమె మంచం మీద పెట్టి, "టిఫిన్ బాక్సు మేడమ్ గారి బల్ల మీద పెట్టేసినాను, జరిగింది చెప్పేసినాను" అన్నాను. ఆమె చిప్పను అటు ఇటు తిప్పి చూసింది.

"ఏందిమే, నీ దాంట్లో నలుపు, నా దాంట్లో ఎరుపు?"

"తప్పు నాది కాబట్టి."

"గింజ ఒకటే గదా. నలుపు లేని గింజ యాడన్నా ఉండాదా? నాది కూడా తిప్పి పెట్టు."

మరుసటి రోజు లక్క వేడి చేసి తిప్పి పెట్టినాను. కొంచెం వంకరగా వచ్చింది.

తర్వాత గోడ పత్రికలో ఇదంతా రాసి నీ పేరు పెడతాను అన్నాను. వద్దు అన్నది. "వేమన పెట్టలేదా?" అంటే, "అభిరాముణ్ణి అడిగి పెట్టినాడా, అడక్కుండా పెట్టినాడా?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. సారును అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

అందుకని పేరు రాయలేదు. పోటీ ఫలితాల పట్టికలో మొదటి బహుమతి దగ్గర నా పేరు కొట్టివేయమని మేడమ్ గారిని కోరినాను. కింద ఒక గీత ఖాళీగా వదిలి, మేకుకు దారంతో పెన్ను కట్టినాను. ఆమెకు రాయాలనిపిస్తే రాసుకుంటుంది. వేరే ఎవరూ రాయవద్దు, ఆ పెన్ను పట్టుకుని పోవద్దు.

నా చిప్ప నా మెడలో ఉండాది. ఆమెది ట్రంకు పెట్టెలో ఉండాది, ఇంకా వేసుకోలేదు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని

మరియు

.................................