నిలవ నీళ్ళు

దోమ అనగానే మనకు మురుక్కాలవే గుర్తొస్తుంది. మా పక్కింటి పిన్నిగారైతే జ్వరమన్న మాట చెవిన పడితే చాలు, వీధి కాలవకేసి చూసి మెటికలు విరుస్తారు. కానీ మలేరియా మోసుకొచ్చే అనాఫిలిస్ దోమకి శుభ్రం ఎక్కువండీ! పట్నాల్లో అది ఏరికోరి గుడ్లు పెట్టేది మూత సరిగ్గా పడని డాబా మీది ట్యాంకుల్లో, సిమెంటు తొట్లలో, బావుల్లో.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ ఆ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ క్రిమికి వెచ్చదనం కావాలి. చలి ముదిరితే ఎదగదు. ఉక్కపోసే రోజుల్లో రెండు వారాల లోపే తయారైపోతుంది. అన్నాళ్ళూ దోమ బతకాలంటే గాలిలో తేమ ఉండాలి. అందుకే వానలు వెలిసిన నెలలు దానికి పండగ.

అలాగని వానని తిట్టకండి. జోరువాన దోమపిల్లల్ని కొట్టుకుపోతుంది కూడాను. 1934లో శ్రీలంకలో వానలు ఎగ్గొట్టాయి. పారే నదులు మడుగులైపోయాయి. ఆ మడుగుల్లో పెరిగిన దోమలు 1935 ముగిసేలోగా ఇంచుమించు 80,000 మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ సంగతి చదివాక నాకు తోచిందేమిటంటే, నీళ్ళు ఎక్కువైతేనే కాదు, కరువైనా జ్వరమే!

మన ఇళ్ళలోనూ అంతేగా. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంటే, ఉన్న తొట్లన్నీ నింపుకునేది ఆడవాళ్ళమే. దాచుకోవద్దని ఏ నోటితో అంటాం? దోమగుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం పైనే పడుతుంది. వారానికోసారి తొట్టి తోమి, ఆరబెట్టి, బిగువుగా మూతపెడితే చాలు. శుక్రవారం గడపకి పసుపు రాసే చేత్తోనే ఆ పనీ కానిద్దాం. డాబా ఎక్కి ట్యాంకు మూత చూసే పని మాత్రం మగవాళ్ళకి వదిలేద్దాం!